రీలు కడగడం అంటే ఏమిటి?

“పెళ్ళయి పదిహేను రోజులైనా ఫోటోలు చేతికి రాలేదు, రీలు కడిగించడానికి పట్నం పంపారు.” ఇలాంటి మాట మీ ఇంట్లో పెద్దవాళ్ళ నోట ఎప్పుడైనా విన్నారా? గిన్నెలు కడుగుతాం, కాళ్ళు కడుగుతాం. రీలును కడగడమేమిటి? దానికేం మురికి అంటుకుంది? నవ్వి ఊరుకోకండి. ఫోటో తీయడంలోని అసలు కష్టమంతా ఆ ఒక్క మాటలోనే దాగి ఉంది. వెలుగుతో బొమ్మ పుట్టించడం మనిషికి తొందరగానే చేతనైంది. పుట్టిన బొమ్మను నిలబెట్టడమే చాలాకాలం చేతకాలేదు.

ముందు బొమ్మ ఎలా పుడుతుందో చూద్దాం. కాంతి సరళరేఖలో ప్రయాణిస్తుందని మీకు తెలుసు. చీకటి గదికి సన్నని రంధ్రం ఒకటి ఉందనుకోండి. బయట ఉన్న చెట్టు చివరి నుంచి వచ్చే కిరణం ఆ రంధ్రంలో దూరి ఎదుటి గోడ కిందిభాగాన పడుతుంది. చెట్టు మొదలు నుంచి వచ్చే కిరణం గోడ పైభాగాన పడుతుంది. అందుకని గోడమీద చెట్టు తలకిందులుగా కనిపిస్తుంది. హంపి విరూపాక్ష ఆలయానికి వెళ్ళినవారు లోపలి గోడమీద రాజగోపురం తలకిందులుగా పడడం చూసే ఉంటారు. అందరూ దాన్ని గోపురం నీడ అంటారు గాని అది నీడ కాదు, ప్రతిబింబం.

రంధ్రం చిన్నదైతే బొమ్మ స్పష్టంగా ఉంటుంది, వెలుతురు చాలదు. రంధ్రం పెద్దది చేస్తే వెలుతురు వస్తుంది, బొమ్మ అలుక్కుపోతుంది. ఈ చిక్కు తీర్చడానికే కెమెరాకు కుంభాకార కటకం అమర్చారు. అది ఎక్కువ కాంతిని లోపలికి రానిచ్చి, ఒక బిందువు నుంచి వచ్చిన కిరణాలన్నిటినీ మళ్ళీ ఒక బిందువు దగ్గరకే చేరుస్తుంది. ఇక ఎంత కాంతి కావాలన్నది కుళాయి కింద బిందె నింపడం లాంటిది. కుళాయి ఎంత తిప్పామన్నది కటకం ద్వారం. ఎంతసేపు తిప్పి ఉంచామన్నది షట్టర్. ఇంతవరకు పాత కెమెరాకూ మీ ఫోను కెమెరాకూ పెద్ద తేడా లేదు. తేడా అంతా బొమ్మ పడేచోట ఉంది.

పదో తరగతి వారికి ఈ ప్రయోగం పాఠంలోనే ఉంది. సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో ఉప్పునీరు పోస్తే తెల్లని అవక్షేపం ఏర్పడుతుంది. అది సిల్వర్ క్లోరైడ్. ఎండలో పెడితే కాసేపటికి బూడిదరంగుకు తిరుగుతుంది. కాంతి దాన్ని విడగొట్టి వెండిని, క్లోరిన్‌ను వేరు చేసిందన్నమాట. “వెండి తెల్లగా మెరవాలి కదా, నల్లగా ఎందుకుంది మాస్టారూ?” అని మా తరగతిలో ఏటా ఒకరైనా అడుగుతారు. మంచి ప్రశ్నే. కాలిపట్టీలోని వెండికి నునుపైన తలం ఉంది. అది కాంతిని తిప్పికొడుతుంది. ఇక్కడి వెండి అతి సన్నని రేణువులుగా ఉంది. ఆ రేణువుల మధ్య చిక్కుకున్న కాంతి బయటికి రాలేక అక్కడే శోషణమైపోతుంది. అందుకే నలుపు.

ఒక కాగితాన్ని ఉప్పునీటిలో ముంచి ఆరబెట్టి, మసక వెలుతురులో సిల్వర్ నైట్రేట్ పూసి, మీద వేపరెమ్మ ఉంచి, గాజుపలకతో అదిమి ఎండలో పెట్టామనుకోండి. (ఇది మీ సైన్సు మాస్టారి ఎదుట, చేతి తొడుగులు వేసుకుని చేయవలసిన పని. సిల్వర్ నైట్రేట్ చర్మానికి తగిలితే పడే నల్లమచ్చ రోజుల తరబడి పోదు.) కొంతసేపటికి రెమ్మ తీసి చూస్తే ముదురు కాగితంమీద తెల్లని వేపరెమ్మ! బొమ్మ వచ్చేసింది. దాన్ని స్నేహితులకు చూపిద్దామని ఎండలోకి తీసుకువెళితే మాత్రం మీ కళ్ళెదుటే మాయమవుతుంది. తెల్లగా మిగిలినచోట ఉన్నదీ సిల్వర్ క్లోరైడే కదా, అదీ నల్లబడుతుంది. చూడాలంటే వెలుతురు కావాలి. వెలుతురు తగిలితే బొమ్మ పోతుంది.

ఇంగ్లండులో థామస్ వెడ్జ్‌వుడ్ సరిగ్గా ఇక్కడే ఆగిపోయాడు. ఆయన ప్రయోగాల వివరాలను ప్రసిద్ధ రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ 1802లో ప్రచురించాడు. ఆకుల రూపాలు, గాజుమీది చిత్రాల నకళ్ళు వారికి చక్కగా వచ్చాయి. ఎన్నిసార్లు కడిగినా అవి నిలవలేదు. కొవ్వొత్తి వెలుగులో చాటుగా చూసుకోవలసి వచ్చేది. డేవీ అంతటివాడికి కూడా వెండి లవణాన్ని కడిగివేసే ద్రవం దొరకలేదు.

ఫ్రాన్సులో నియెప్స్ వెండిని వదిలి వేరే దారి పట్టాడు. తారు జాతి పదార్థం ఒకదానికి ఎండ తగిలిన చోట గట్టిపడే గుణం ఉంది. దాన్ని లోహపు పలకమీద పూసి, కెమెరాలో ఉంచి, తన కిటికీ ఎదుట పెట్టాడు. ఇది 1826లోనో 1827లోనో జరిగింది. కనీసం 8 గంటలసేపు ఆ పలక వెలుగు తాగింది. తరువాత లావెండర్ నూనెతో కడిగితే గట్టిపడని భాగం కరిగిపోయి బొమ్మ మిగిలింది. కెమెరాతో తీసి నిలబెట్టిన ఫోటోలలో ఇప్పటికీ మిగిలి ఉన్న మొదటిది ఇదే. అమెరికాలో టెక్సస్ విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉంది. అందులో ఎదురెదురు గోడలు రెండింటిమీదా ఎండ పడినట్లు కనిపిస్తుంది. బొమ్మ పూర్తయ్యేలోగా సూర్యుడు ఒకవైపు నుంచి మరోవైపుకు వెళ్ళిపోయాడు మరి!

వెండి లవణాన్ని కడిగే ద్రవం నిజానికి అంతకు ముందే సీసాలో ఉంది. సోడియం థయోసల్ఫేట్ వెండి లవణాలను కరిగిస్తుందని జాన్ హెర్షెల్ 1819లోనే గమనించాడు. (యురేనస్‌ను కనుగొన్న విలియం హెర్షెల్ కుమారుడే ఈయన.) 20 సంవత్సరాల తరువాత, 1839లో ఫ్రాన్సులో డాగర్, ఇంగ్లండులో టాల్బట్ తమ ఫోటో పద్ధతులను ప్రకటించిన రోజుల్లో, ఆ పాత సంగతి ఆయనకు అక్కరకు వచ్చింది. ఈ లవణం సిల్వర్ క్లోరైడ్‌ను, సిల్వర్ బ్రోమైడ్‌ను కరిగిస్తుంది. ఏర్పడిన వెండి జోలికి మాత్రం దాదాపు పోదు. కావలసింది ఉంచి అక్కరలేనిది తీసేయడమే కదా కడగడమంటే! ఫోటోగ్రాఫర్లు దాన్ని ముద్దుగా ‘హైపో’ అని పిలుచుకున్నారు. స్టూడియోలలో ఆ పేరే స్థిరపడింది.

ఇక రీలు సంగతికి వద్దాం. ప్లాస్టిక్ పట్టీమీద జెలటిన్ పూత ఉంటుంది. జెలటిన్ అంటే పశువుల ఎముకల నుంచి, చర్మాల నుంచి తీసే ఒకరకం జిగురు. అందులో సిల్వర్ బ్రోమైడ్ స్ఫటికాలు చెదిరి ఉంటాయి. ఒక్కొక్కటి సుమారు మిల్లీమీటరులో వెయ్యోవంతు. షట్టర్ సెకనులో 60వ వంతో, 125వ వంతో తెరుచుకుంటుంది. ఆ క్షణంలో స్ఫటికంమీద పడిన ఫోటాన్ ఒక బ్రోమైడ్ అయాన్ నుంచి ఎలక్ట్రాన్‌ను వెళ్ళగొడుతుంది. ఆ ఎలక్ట్రాన్ తిరిగి తిరిగి స్ఫటికంలో ఒక లోపం ఉన్నచోట చిక్కుకుంటుంది. అక్కడికి వెండి అయాన్ ఒకటి చేరి, ఆ ఎలక్ట్రాన్‌ను తీసుకుని వెండి పరమాణువవుతుంది. ఇలా ఒకేచోట సుమారు 4 పరమాణువులు పోగైతే చాలు, ఆ స్ఫటికానికి ‘వెలుగు తగిలిన’ గుర్తు పడినట్లే. ఒక స్ఫటికంలో ఉండే వెండి అయాన్లు దాదాపు 100 కోట్లు. 100 కోట్లలో 4! ఏ కంటికి కనిపిస్తుంది? అందుకే దీన్ని గుప్త ప్రతిబింబం అంటారు. ఇది ఎలా ఏర్పడుతుందో గర్నీ, మాట్ అనే భౌతిక శాస్త్రవేత్తలు 1938లో వివరించారు.

స్ఫటికంలో ఆ ‘లోపం’ ఎక్కడిదో చెప్పకుండా ముందుకు పోలేను. కొన్ని జెలటిన్‌లతో చేసిన ఫిల్ములు చురుకుగా, కొన్నిటితో చేసినవి మందకొడిగా ఎందుకుంటాయో చాలాకాలం ఎవరికీ అంతుపట్టలేదు. కోడాక్ సంస్థలో పనిచేసిన షెపర్డ్ 1920ల్లో దాని గుట్టు విప్పాడు. చురుకైన జెలటిన్‌లో గంధకం ఉన్న పదార్థాలు లేశమాత్రం ఉన్నాయి. అవి ఆవపిండి ఘాటుకు కారణమైన నూనె జాతివి. పశువులు మేసిన ఆవజాతి మొక్కల నుంచి వచ్చాయన్నమాట! ఆ గంధకం వెండితో కలిసి స్ఫటికంమీద సిల్వర్ సల్ఫైడ్ చుక్కలు పెడుతుంది. ఎలక్ట్రాన్లు చిక్కుకునేది అక్కడే.

ఈ గుప్త ప్రతిబింబాన్ని బయటపెట్టడమే కడగడంలో మొదటి మెట్టు. పాలకు తోడు పెట్టడం మీకు తెలుసుగా. గిన్నెడు పాలకు చెంచాడు పెరుగు చాలు. ఆ 4 పరమాణువులు అటువంటి తోడు. హైడ్రోక్వినోన్, మెటాల్ వంటి క్షయకరణ పదార్థాలున్న ‘డెవలపర్’ ద్రావణంలో ఫిల్మును ముంచితే, తోడు పడిన స్ఫటికం మొత్తం వెండిగా మారుతుంది. తోడు పడనిది మారదు. అసలే మారదా అంటే మారుతుంది, కాస్త ఆలస్యంగా. తోడు పెట్టని పాలు కూడా రేపటికి విరిగిపోతాయి కదా! కాబట్టి గడియారం చూసుకుంటూ, తగిన సమయానికి ఫిల్మును బయటికి తీయాలి. చాలా నలుపు తెలుపు ఫిల్ములకు 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర కొన్ని నిమిషాలు పడుతుంది. మన ఎండాకాలంలో 20 డిగ్రీలు ఎక్కడ దొరుకుతాయి? వేడికి ద్రావణం చురుకై బొమ్మ నల్లబడిపోతుంది, జెలటిన్ మెత్తబడి ఊడివస్తుంది. అందుకని ట్రే కింద ఐసునీళ్ళు పెట్టుకుని కడిగేవారు.

తరువాత పలుచని ఎసిటిక్ ఆమ్లంలో ముంచి డెవలపర్ పని ఆపుతారు. ఆపైన హైపోలో. అక్కడ మారని సిల్వర్ బ్రోమైడ్ అంతా కరిగిపోతుంది. ఇక ఫిల్మును నిర్భయంగా వెలుతురులోకి తేవచ్చు. చివరిగా పారే నీటిలో చాలాసేపు కడగాలి. ఇది విసుగు పని. తొందరపడి తగ్గించేవారూ ఉండేవారు. తేడా వెంటనే తెలియదు, ఏళ్ళ తరువాత తెలుస్తుంది. మిగిలిపోయిన హైపోలోని గంధకం వెండిని మెల్లగా సిల్వర్ సల్ఫైడ్‌గా మారుస్తుంది. బొమ్మ పసుపు గోధుమ రంగుకు తిరిగి వెలిసిపోతుంది. మీ ఇంట్లో ఒకే ఏడాది తీసిన రెండు పాత ఫోటోలలో ఒకటి నిగనిగలాడుతూ, ఒకటి మచ్చలు పడి ఉంటే, ఆ రోజున కుళాయి ఎంతసేపు తిరిగిందో మీరు ఊహించుకోవచ్చు.

ఇలా వచ్చిన ఫిల్ముమీద వెలుగు పడినచోట నలుపు, పడనిచోట తెలుపు. ముత్తాత తెల్లపంచె నల్లగా, నల్లజుట్టు తెల్లగా ఉంటాయి. ఇదే నెగటివ్. దీని గుండా కాంతిని పంపి, వెండి లవణం పూసిన కాగితంమీద మళ్ళీ ఇదే తతంగం చేస్తే రెండు తిరగళ్ళు కలిసి బొమ్మ సవ్యమవుతుంది. సినిమాల్లో చూపించే ఎర్రదీపం ఈ కాగితం పని కోసమే. ఆ కాగితానికి నీలి, ఆకుపచ్చ కాంతులే తగులుతాయి గాని ఎరుపు తగలదు. అన్ని రంగులకూ స్పందించే ఫిల్మును కడిగేటప్పుడు ఆ దీపం కూడా ఉండకూడదు. కటిక చీకటిలో చేతుల అంచనాతోనే పని చేయాలి.

అమ్మమ్మ పెళ్ళి ఫోటో నలుపు తెలుపుల్లో ఇంకా స్పష్టంగా ఉందే, తరువాత ఎప్పుడో తీసిన రంగుల ఫోటో ఎర్రగా పాలిపోయిందేమని ఎప్పుడైనా అనుకున్నారా? రంగుల ఫిల్ములో మూడు పొరలుంటాయి. నీలి, ఆకుపచ్చ, ఎరుపు కాంతులకు ఒక్కొక్క పొర. డెవలపర్ పనిచేసినచోట వెండితోపాటు ఒక రంగు కూడా పుడుతుంది. తరువాత వెండినంతటినీ కడిగివేస్తారు. మిగిలేది రంగు మాత్రమే. వెండి లోహం, రంగు సేంద్రియ పదార్థం. 1970ల నాటి రంగుల కాగితాల్లో నీలాకుపచ్చ రంగు ముందుగా విరిగిపోయేది. అది పోతే మిగిలేది ఎరుపే కదా.

ఇప్పుడు మీ ఫోను తీయండి. ఇందులో రీలు లేదు. కటకం వెనుక చిటికెనవేలి గోరంత సిలికాన్ పలక ఉంది. దానిమీద గడులు గడులుగా లక్షల గుంటలు. 12 మెగాపిక్సెల్ అంటే అడ్డంగా 4000, నిలువుగా 3000, మొత్తం 1 కోటి 20 లక్షలు. ఒక్కొక్క గుంట సుమారు మిల్లీమీటరులో వెయ్యోవంతు. ఫిల్ములోని స్ఫటికం కూడా ఇంతే కదూ! ఫోటాన్ తగిలితే ఇక్కడా ఎలక్ట్రాన్ ఊడుతుంది. అయితే అది వెండి పరమాణువు కోసం వెతకదు, విద్యుత్ పీడనంతో ఏర్పరచిన ఆ గుంటలోనే పడి ఉంటుంది. వాన కురిసేటప్పుడు వాకిట్లో వరుసగా గిన్నెలు పెట్టినట్లు. జోరుగా కురిసినచోట గిన్నెలో నీరు ఎక్కువ, చెట్టు కింద తక్కువ. వాన వెలిశాక ఏ గిన్నెలో ఎంత ఉందో కొలిచి రాసుకుంటే వాన పటం వస్తుంది.

కోటికి పైగా గిన్నెలను కొలవడం ఎలా? అమెరికాలో బెల్ ప్రయోగశాలలో పనిచేసిన విలార్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ 1969లో ఒక ఉపాయం కనిపెట్టారు. ఇంటికి స్లాబు వేసే రోజున కూలీలు వరుసగా నిలబడి కాంక్రీటు తట్టలను చేతులు మార్చుకుంటూ పైకి చేరుస్తారు చూడండి, అలాగే ఒక గుంటలోని ఎలక్ట్రాన్లను పక్క గుంటకు, అక్కడి నుంచి ఆ పక్కకు అందించుకుంటూ అంచున ఉన్న ఒకే కొలబద్ద దగ్గరకు చేర్చడం. దీనిపేరు సి.సి.డి. 2009లో వీరిద్దరికీ నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. ఇప్పటి ఫోన్లలో మరో రకం పలక ఉంటుంది. అందులో గుంట పక్కనే కొలిచే ఏర్పాటు ఉంటుంది, కాబట్టి మోత బరువు తగ్గింది. 1975లో కోడాక్ ఇంజనీరు స్టీవెన్ సాసన్ చేసిన డిజిటల్ కెమెరాలో ఉన్నవి 10,000 గుంటలే. ఒక బొమ్మను క్యాసెట్ టేపుమీద రాయడానికి 23 సెకన్లు పట్టేది.

కొలిచిన విలువ అంకె అవుతుంది. సాధారణంగా చీకటికి 0, పూర్తి వెలుగుకు 255. డెవలపర్ చేసిన పెంపకం పని ఇక్కడ విద్యుత్ వలయం చేస్తుంది. చీకట్లో తీస్తే ఎలక్ట్రాన్లు కొద్దిగానే పడతాయి. పెంచేటప్పుడు వాటితోపాటు వలయంలోని రొద కూడా పెరుగుతుంది. రాత్రి ఫోటోలలో ఇసుక చల్లినట్లుండే చుక్కలు అవే.

ఆ గుంటలకు రంగు తెలియదు. ఎన్ని ఫోటాన్లు పడ్డాయన్నదే లెక్క. అందుకని ఒక్కొక్క గుంటమీద ఒక్కొక్క రంగు మూత ఉంటుంది. సగం ఆకుపచ్చ, పావు ఎరుపు, పావు నీలం. మన కంటికి ఆకుపచ్చే బాగా ఆనుతుంది గనుక దానికి రెట్టింపు వాటా. ప్రతి గుంటా ఒక్క రంగునే కొలుస్తుంది. మిగతా రెండింటినీ చుట్టుపక్కల గుంటలను చూసి ఫోనే లెక్కగడుతుంది. అంటే మీ ఫోటోలోని రంగులలో మూడింట రెండు వంతులు అంచనాలే!

చిన్న ప్రయోగం. టీవీ రిమోట్ ముందుభాగాన ఉన్న బల్బును ఫోను కెమెరాకు చూపి మీట నొక్కండి. ఉత్త కంటికి ఏమీ కనబడదు, ఫోను తెరమీద అది మిణుకుమంటుంది. రిమోట్ పంపేవి పరారుణ కిరణాలు. సిలికాన్‌కు అవి కూడా తగులుతాయి. వెనుక కెమెరాకు వాటిని ఆపే గాజు ఉంటుంది కాబట్టి, కనబడకపోతే ముందు కెమెరాతో చూడండి.

సిలికాన్ చురుకుదనం ఖగోళ శాస్త్రవేత్తలకు బాగా కలిసివచ్చింది. హైదరాబాదు బేగంపేటలోని నిజామియా వేధశాల 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో ఆకాశాన్ని గాజుపలకలమీద ఫోటోలు తీసి, 7 లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలను నమోదు చేసింది. అంతర్జాతీయంగా పంచుకున్న పనిలో అది మన వాటా. అటువంటి పలకమీద 100 ఫోటాన్లు పడితే పనికి వచ్చేవి ఒకటో రెండో. మంచి సి.సి.డి. 80కి పైగా లెక్కపెడుతుంది. వేధశాలలు గాజుపలకలను విడిచిపెట్టడంలో ఆశ్చర్యం లేదు.

మరి ఫోనులో కడగడం లేదా? ఉంది, కాకపోతే ముందే జరుగుతుంది. మీరు బొమ్మ నొక్కగానే గుంటల్లో అంతకుముందు చేరిన ఎలక్ట్రాన్లను ఖాళీ చేసి, అప్పుడు లెక్క మొదలుపెడతారు. గిన్నెలు బోర్లించి మళ్ళీ పెట్టినట్లు. ఇక బొమ్మను నిలబెట్టడమా? ఆ అంకెలు ఫోను జ్ఞాపకంలో మళ్ళీ ఎలక్ట్రాన్ల రూపంలోనే ఉంటాయి. నలువైపులా విద్యుద్బంధకంతో మూసిన అతి చిన్న అరల్లో వాటిని బంధిస్తారు. ఆ గోడలు మంచివే గాని శాశ్వతం కావు. ఏళ్ళ తరబడి వాడకుండా పడేసిన పెన్‌డ్రైవ్‌లో కొన్ని ఎలక్ట్రాన్లు జారిపోవచ్చు. ఫోను నీళ్ళలో పడితే అసలే పోవచ్చు. అయితే వెండికి లేని సౌకర్యం అంకెలకు ఉంది: ఎన్ని నకళ్ళు తీసినా పదోది కూడా మొదటిదానిలాగే ఉంటుంది. కాబట్టి రెండు మూడు చోట్ల ఉంచుకోవాలి. వెండి మాత్రం అలా పడి ఉంటుంది. సికింద్రాబాదులో స్టూడియో నడిపి, ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్‌కు ఫోటోలు తీసిన రాజా దీన్‌దయాళ్ 1905లో మరణించారు. ఆయన గాజు నెగటివ్‌లు వేలసంఖ్యలో నేటికీ ఉన్నాయి.

మీ ఇంట్లో బీరువా అడుగునో, పాత ట్రంకు పెట్టెలోనో కవర్లలో నెగటివ్‌లు ఉంటాయి. ఫోటో దొరికింది కదా అని వాటిని పారేస్తున్నారు. ఫోటోకన్నా నెగటివ్‌లోనే వివరం ఎక్కువ. తీసి వాసన చూడండి. పుల్లగా వెనిగర్ వాసన వస్తుంటే ఆ ప్లాస్టిక్ విచ్ఛిన్నమై ఎసిటిక్ ఆమ్లం విడుదలవుతున్నట్లు. ఒకసారి మొదలైతే అది ఆగదు, వేగం పుంజుకుంటుంది. వేసవి సెలవులదాకా ఆగవద్దు. ఒక ఫోను తెరను పూర్తి తెలుపు చేసి, దానికి ఒకటి రెండు అంగుళాల ఎత్తున గాజుపలక నిలిపి, దానిమీద నెగటివ్ ఉంచండి. మరీ దగ్గరగా పెడితే తెరమీది చుక్కలు బొమ్మలో పడతాయి. మరో ఫోనుతో తిన్నగా పైనుంచి తీసి, ఫోటోలు దిద్దే యాప్‌లో రంగులను తిరగవేయండి. రంగుల నెగటివ్ నారింజ ఛాయలో ఉంటుంది కాబట్టి తిరగవేస్తే నీలంగా వస్తుంది. ఆ నీలాన్ని తగ్గించుకోవాలి. నెగటివ్‌ను అంచులు పట్టుకునే తీయాలి, వేలిముద్ర పడితే పోదు. ఏ వైపు పైకి ఉండాలో తెలియకపోతే ఫిల్ము అంచున ముద్రించిన అక్షరాలు చూడండి. అవి సవ్యంగా చదవగలిగితే బొమ్మ కూడా సవ్యంగా ఉన్నట్లే.